సింగ్ నగర్ వైపు అద్దెకు దిగేముందు ఏం చూసుకోవాలి

ప్రశ్న: ఏలూరు నుంచి విజయవాడకు బదిలీ అయింది. ఉద్యోగం ఆటోనగర్‌లో. సింగ్ నగర్, పాయకాపురం వైపు అద్దెలు మా బడ్జెట్‌లో ఉన్నాయి. కానీ 2024 వరద వీడియోలు చూసినప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. అమ్మకు 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కడం కష్టం. పాప ఇంటర్‌లో చేరాలి. అటువైపు ఇల్లు తీసుకోవచ్చా? తీసుకుంటే ఏమేం చూసుకోవాలి, ఏ పనికి ఎవరి దగ్గరికి వెళ్లాలి?

సమాధానం:

తీసుకోవచ్చండి. కాకపోతే ఏరియా పేరు విని భయపడి మానుకోవద్దు, ఏరియా బాగుందని ఎవరో చెప్పారని సరే అనేయనూ వద్దు. ఇటువైపు ఒకే వీధిలో ఒక ఇంట్లో మంచాలు మునిగితే, నాలుగిళ్ల అవతల నీళ్లు గడప దగ్గర ఆగిపోయాయి. అద్దె మాత్రం రెండిళ్లకీ దాదాపు ఒకటే. నేను 1990ల నుంచి పాయకాపురంలోనే ఉంటున్నాను. మా వీధికి కొత్తగా ఎవరొచ్చినా కరెంటు, నీళ్లు, సచివాలయం సంగతులకి మా ఇంటి తలుపే తడతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు వరద సంగతి. మీ ఏలూరుకు తమ్మిలేరు ఎలాగో మాకు బుడమేరు అలాగ, వానలకు పొంగి ఊరిమీదికి వచ్చే ఏరు. ఏడాదిలో ఎక్కువ రోజులు అది గుర్రపుడెక్క పట్టిన మురుగు కాలవలాగే ఉంటుంది. దాన్ని చూసి ఇది ఊరిని ముంచుతుందంటే ఎవరూ నమ్మరు. మైలవరం వైపు కొండల్లో పెద్ద వాన పడితే ఆ నీళ్లన్నీ వెలగలేరు రెగ్యులేటర్ దగ్గరికి చేరతాయి. అక్కడి నుంచి డైవర్షన్ కాలవలోకి మళ్లించి, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పక్కగా, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. కృష్ణ అప్పటికే నిండుగా ఉంటే ఆ కాలవ నీళ్లు నదిలోకి పోలేవు, వెనక్కి తంతాయి. డైవర్షన్ కాలవ పట్టనంత నీరొస్తే వెలగలేరు గేట్లెత్తి పాత బుడమేరులోకి వదులుతారు. ఆ పాత ఏరు సింగ్ నగర్, మధురానగర్, గుణదల మీదుగా, రామవరప్పాడు, ఎనికేపాడు దాటి చివరికి మీ కొల్లేరులోకే వెళ్తుంది. దారిలో అది ఎంత ఇరుకైపోయిందో మధురానగర్ వంతెన మీద నిలబడి చూస్తే తెలుస్తుంది.

2024 ఆగస్టు 31న ఆ వాన పడింది. ఆ రోజు అందరి దృష్టీ మొగల్రాజపురంలో విరిగిపడ్డ కొండచరియల మీదే ఉంది. మర్నాడు ఆదివారం, సెప్టెంబర్ 1. వెలగలేరు గేట్లు 11 ఎత్తారు. డైవర్షన్ కాలవ ఎడమ గట్టుకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. నీళ్లు వీధిలోకి వస్తుంటే మామూలు వాననీరే అనుకుని చాలామంది బండ్లు అరుగు మీదికి ఎక్కించి ఊరుకున్నారు. గంటల్లో అరుగూ లేదు, బండీ లేదు. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా దిగాల్సి వచ్చింది, ఆ పని సెప్టెంబర్ 7కి గానీ పూర్తి కాలేదు. అంతవరకు సింగ్ నగర్ ఫ్లైఓవర్ అవతల ఊరు వేరు, ఇవతల ఊరు వేరు.

మళ్లీ వస్తుందా అంటే, రాదని చెప్పడం నావల్ల కాదు. 2005లోనూ బుడమేరు పొంగింది, అప్పుడూ ఇదే వైపు మునిగింది. గండ్లు పడ్డచోట గట్టు బలపరిచారు. ఆపరేషన్ బుడమేరు పేరుతో ఆక్రమణలు తీసేస్తామని, కాలవ సామర్థ్యం పెంచుతామని ప్రభుత్వం చెబుతోంది. మంచిదే. కానీ మీరు ఇల్లు చూసుకునేటప్పుడు ఆ హామీని పక్కన పెట్టి, నీళ్లొస్తే ఈ ఇంట్లో ఎంతవరకు వస్తాయన్న లెక్కతోనే చూడండి.

వర్షాకాలంలో టీవీ చూసే తీరు కూడా ఇక్కడికొచ్చాక మార్చుకోవాలి. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, ఇన్ని లక్షల క్యూసెక్కులు అని స్క్రోలింగ్ వస్తుంది. 2024 సెప్టెంబర్ 2న 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, బ్యారేజీ చరిత్రలోనే అది రికార్డు. ఆ వార్త ముఖ్యంగా కృష్ణలంక, రాణిగారితోట వాళ్లకి. వాళ్లకి రిటైనింగ్ వాల్ అడ్డుంది, ఆ వరదకి అదే కాపాడింది. మనకి అడ్డుగోడ లేదు, మన నీళ్లు అటునుంచి రావు. మనం చూడాల్సింది మైలవరం, జి.కొండూరు వైపు ఎంత వాన పడుతోందన్నది, వెలగలేరు గేట్ల పరిస్థితి ఏమిటన్నది. రెండూ ఒకేసారి జరుగుతుంటే, అంటే అక్కడ వాన, ఇక్కడ కృష్ణ నిండుగా ఉంటే, ఆ రాత్రి బండి తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద పెట్టేవాళ్లని చూసి నవ్వకండి. అనుమానం వస్తే విపత్తుల నిర్వహణ సంస్థ కంట్రోల్ రూమ్ 1070కి ఫోన్ చేసి అడగొచ్చు, 112 ఎటూ ఉంది.

ఇక ఇల్లు చూడటం. ఓనర్లు ఆ తర్వాత రంగులు వేయించారు కాబట్టి గోడ మీద నీటి చార కనబడదు. తలుపు చూడండి. ప్లైవుడ్ తలుపైతే కింద జానెడు మేర పొరలు విప్పుకుని ఉబ్బి ఉంటుంది. తలుపు కొత్తదైతే దర్వాజా చూడండి, కర్ర అడుగున నల్లబారి ఉంటుంది. వంటింట్లో గట్టు కింద అరల తలుపులు, గేటు కింది భాగంలో తుప్పు, గ్రిల్లు వెల్డింగ్ అతుకులు చూడండి. స్విచ్‌బోర్డులు మామూలు కంటే ఎత్తులో ఉంటే, కింద పాత బోర్డు ఉన్నచోట సిమెంటు పూత గరుకుగా తెలుస్తుంటే, ఆ ఓనరు అనుభవంతో మార్పించాడన్నమాట. ఒక రకంగా అది మంచి గుర్తే. ఇంట్లో ఏమీ తేలకపోతే పెరట్లోకి వెళ్లండి. వెనక ప్రహరీకి ఎవరూ రంగు వేయించరు. అక్కడ బురదచార అడ్డంగా గీత గీసినట్టు ఇంకా ఉంటుంది. ఆ గీత పక్కన నిలబడండి. మీ మోకాలి దగ్గరా, ఛాతీ దగ్గరా అన్నదాన్ని బట్టి మీ నిర్ణయం మీరే తీసుకోగలరు.

ఓనర్ని అడిగితే "మా ఇంట్లోకి రాలేదండీ, వాకిట్లోకి వచ్చి వెళ్లిపోయాయి" అంటారు. అందరూ అదే మాట అంటారు. ఎదురింటి కిరాణా కొట్టు ఆయన్ని అడగండి. సరుకంతా పోగొట్టుకున్న మనిషి అబద్ధం చెప్పడు.

రోడ్డు ఎత్తు కూడా చూడాలి. ఇటువైపు పాత ఇళ్లు చాలావరకు రోడ్డు కంటే పల్లంలోకి పోయాయి, ఎందుకంటే సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేసుకుంటూ పోయారు. వరద దాకా ఎందుకు, గట్టి వాన పడితే అలాంటి ఇళ్లలోకి డ్రైన్ నీళ్లు వెనక్కి వస్తాయి. బాత్రూంలో జాలీ దగ్గర కూర్చుని చూడండి, జాలీ మీద ఇటుకో గుడ్డ మూటో పెట్టి ఉంటే అర్థం అదే. 2016లో కేంద్రం ఇచ్చిన నిధులతో మొదలైన వర్షపు నీటి కాలవల పనులు నగరంలో చాలాచోట్ల సగంలోనే ఆగిపోయాయి. ఎక్కడ కాలవ ఉంది, ఆ కాలవ ఎక్కడ కలుస్తుంది అన్నది చూసుకోవాలి. కొన్ని కాలవలు వీధి చివరి దాకా వెళ్లి గోడ దగ్గర ఆగిపోతాయి.

మీ అమ్మగారి విషయమే ఇందులో కష్టమైనది. మెట్లెక్కలేరు కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్ కావాలంటారు. ఇటువైపు గ్రౌండ్ ఫ్లోర్ అంటేనే ఆలోచించాలి. లిఫ్ట్ ఉన్న గ్రూప్ హౌస్ తీసుకుంటే సరిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. 2024లో మేం చూసిందేమిటంటే, షాక్ ప్రమాదం అని కరెంటు తీసేశారు. లిఫ్ట్ ఆగింది. మోటారు ఆగింది. మూడో అంతస్తులో పెద్దవాళ్లు క్షేమంగానే ఉన్నారు గానీ కింద పడవలో వచ్చిన మంచినీళ్ల ప్యాకెట్లు పైకి తీసుకెళ్లేవాళ్లు లేక అవస్థ పడ్డారు. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు అయిపోయి ఇంకొందరు. డ్రోన్లతో ఆహారం పంపారు, నిజమే, కానీ డ్రోన్ మీ అమ్మగారి మందుల చీటీ చదవదు కదా.

నా సలహా మొదటి అంతస్తు. అదీ మెట్లు వెడల్పుగా, పైకప్పు కింద వానకు తడవకుండా, రెండువైపులా పట్టుకునే కడ్డీతో, మధ్యలో ఒక ల్యాండింగ్‌తో ఉన్న ఇల్లు. రోజూ దిగాల్సిన పని లేకుండా పైనే కాస్త వరండా ఉంటే ఆమెకు పొద్దు పోతుంది. అస్సలు ఎక్కలేరంటే రెండో మార్గం, బాగా మెరక తోలి కట్టిన గ్రౌండ్ ఫ్లోర్, పైన అదే ఓనరు కుటుంబం ఉండాలి. పైవాళ్లతో ముందే మాట్లాడుకోవాలి, అవసరమైతే అమ్మగారు ఆ రాత్రి మీ హాల్లో ఉంటారని. ఇటువైపు ఇలా అడగడం ఎవరూ తప్పుగా తీసుకోరు, వరద తర్వాత అది మామూలు మాటైపోయింది. ఏ ఇంట్లో ఉన్నా ఆమె మందులు పదిహేను రోజులవి ఎప్పుడూ అదనంగా ఉంచండి, జూలై నుంచి అక్టోబర్ దాకా మరీను.

కరెంటు మీటరు గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. పోర్షన్లుగా అద్దెకిచ్చే ఇళ్లలో కొందరు ఓనర్లు ఒకే మీటరు పెట్టి, లోపల సబ్‌మీటర్లతో డబ్బులు వసూలు చేస్తారు. మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటుకు స్లాబులున్నాయి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. మూడు పోర్షన్లలో తలా వంద యూనిట్లు వాడారనుకోండి. విడివిడి మీటర్లుంటే ఒక్కొక్కరికి దాదాపు రూ.305, ముగ్గురికీ కలిపి రూ.915 లోపే. అదే 300 యూనిట్లు ఒకే మీటరు మీద తిరిగితే రూ.1,670 దాటుతుంది. ఇవి వట్టి యూనిట్ల చార్జీలే, మిగతా చార్జీలు వేరు. అంటే మీరు పొదుపుగా వాడినా పక్క పోర్షన్ ఏసీ మీ రేటు పెంచుతుంది. విడి మీటరు లేని ఇల్లు వద్దు. ఉంటే బిల్లు మీద సర్వీస్ నంబరు తీసుకుని పాత బకాయి ఉందేమో ఫోన్‌లోనే చూసుకోండి, ఆ తర్వాతే అడ్వాన్స్ ఇవ్వండి. మీటరు బోర్డు మెట్ల కింద నేలకు దగ్గరగా ఉంటే పైకి మార్పించమని ఓనర్ని అడగండి. కరెంటు సమస్యలకు 1912. సరఫరా పోయినప్పుడు అందరూ ఒకేసారి చేస్తారు, లైన్ దొరకదు. సచివాలయంలో ఎనర్జీ సెక్రటరీ నంబరు దగ్గర పెట్టుకుంటే పని త్వరగా అవుతుంది.

నీళ్లు: మున్సిపల్ కుళాయి ఉందా, లేక బోరు ఒక్కటేనా అడగండి. రెండూ ఉంటే రెండూ ఒకే ట్యాంకులో కలుపుతున్నారేమో కూడా చూడాలి. ఎక్కువమంది చూడనిది ఇంకోటి ఉంది, ఇంటికొచ్చే పైపు వీధి డ్రైన్‌లోంచి దూరి వస్తోందా అన్నది. ఇటువైపు సందుల్లో అది మామూలు దృశ్యం. పైపుకి చిన్న చిల్లు పడినా నీళ్లు రాని వేళ మురుగుని లోపలికి లాక్కుంటుంది. 2025 సెప్టెంబర్లో న్యూ రాజరాజేశ్వరిపేటలో వాంతులు, విరేచనాలతో జనం పెద్ద సంఖ్యలో ఆస్పత్రి పాలయ్యారు. దాని తర్వాత మా ఇంట్లో కాచి వడగట్టని నీళ్లు ఎవరికీ ఇవ్వడం లేదు. కుళాయి వదలగానే మొదటి బకెట్ మొక్కలకు పోయండి. నీళ్లు రంగు మారినా వాసన వచ్చినా సచివాలయంలో నీళ్ల పనులు చూసే ఎమినిటీస్ సెక్రటరీకి చెప్పండి, వాళ్ల దగ్గర క్లోరిన్ చూసే కిట్ ఉంటుంది. లైను చివరి కుళాయిలో కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మీ కళ్లముందే పరీక్ష చేయమని అడగండి, గులాబీ రంగో పసుపు రంగో తేలాలి, రంగు రాకపోతే క్లోరిన్ అందట్లేదని.

చెత్త బండి రోజూ ఉదయం వస్తుంది. తడి, పొడి వేరుగా ఇవ్వాలి. చెత్త పన్ను రద్దు చేస్తున్నట్టు 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి ప్రకటించారు. కాబట్టి ఓనరు అద్దెతోపాటు చెత్త పన్ను అని అడిగితే రసీదు చూపించమనండి. పండక్కి పారిశుద్ధ్య కార్మికులకు ఇచ్చేది వేరే లెక్క, అది మన ఇష్టం. ఇంటి పన్ను ఓనరుదే, మీకు సంబంధం లేదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమని నేననుకునేది. మీరు ఇల్లు మారగానే సామాను సర్దుకునే హడావుడిలో దీన్ని వాయిదా వేస్తారు, వేయొద్దు. మీ కుటుంబం వివరాలు ఏలూరులో మీ వార్డు సచివాలయం కింద నమోదై (మ్యాప్ అయి) ఉంటాయి. దాన్ని ఇక్కడి సచివాలయానికి మార్పించుకోవాలి. అందరి ఆధార్లు, అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు కాపీ తీసుకెళ్లి డేటా ప్రాసెసింగ్ సెక్రటరీని కలవండి. వేలిముద్రలు పడాలి కాబట్టి అమ్మగారి సంగతి ముందే చెప్పి, ఇంటికొచ్చి తీసుకుంటారేమో అడగండి. పెద్దవాళ్ల వేళ్లకు ముద్రలు సరిగా పడవు, అందుకు వేరే పద్ధతులు వాళ్ల దగ్గర ఉంటాయి.

ఇది ఎందుకు ముఖ్యమో 2024 చూపించింది. ముంపు ప్రాంతంలో గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకు రూ.25 వేలు, పై అంతస్తుల వాళ్లకు రూ.10 వేలు ప్రభుత్వం ఇచ్చింది. ఇంటింటికీ లెక్క రాయడానికి టీములు వచ్చాయి. ఆ టైముకి సగంమంది అద్దెవాళ్లు బంధువుల ఇళ్లకి వెళ్లిపోయారు. తాళం వేసి ఉన్న ఇంటి దగ్గర ఏం రాస్తారు? ఇల్లు ఓనరుది, సామాను అద్దెవాళ్లది, డబ్బు ఎవరికి అని మా వీధిలోనే రెండిళ్లలో గొడవలయ్యాయి. ఉంటున్నట్టు కాగితం ఉన్నవాళ్లు సచివాలయంలో అతికించిన జాబితా చూసుకుని, పేరు లేకపోతే అర్జీ పెట్టుకోగలిగారు. పాత ఊరి చిరునామాతోనే ఉన్నవాళ్లు ఇక్కడే ఉంటున్నామని నిరూపించుకోవడానికే తిరిగారు. పేరున్నా బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు కాక డబ్బు వెనక్కి పోయినవాళ్లూ ఉన్నారు. అందుకని అద్దె ఒప్పందం నోటిమాటగా వద్దు. స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు రాయించుకోండి, అందులో ఏ అంతస్తు అన్నది స్పష్టంగా ఉండాలి. ఓనరు వెనకాడితే, ఆధార్ అడ్రస్ మార్పుకి, గ్యాస్ మార్పుకి కావాలని చెప్పండి. అది నిజం కూడా.

ఫిర్యాదులు ఎలా చేయాలన్నది. చిన్న పనులకి, అంటే వీధి దీపం, మూసుకుపోయిన డ్రైన్, కుక్కల బెడద, సచివాలయంలో ఆ పని చూసే సెక్రటరీకి నేరుగా చెప్పడమే మేలు. డ్రైన్‌కి శానిటేషన్ సెక్రటరీ, రోడ్డు, నీళ్లు, దీపాలకు ఎమినిటీస్ సెక్రటరీ. ఫొటో తీసి, దగ్గరలోని గుడో బడో గుర్తుగా రాసి పంపండి. పని కాకపోతే రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర 95523 00009కి హాయ్ అని పెట్టి అందులో అర్జీ నమోదు చేయొచ్చు. 2025 జనవరి 30న మొదలైంది, సర్టిఫికెట్లు, కరెంటు బిల్లు లాంటివి కూడా అందులోనే అవుతాయి. అదీ కాకపోతే సోమవారం కార్పొరేషన్ ఆఫీసులో గానీ కలెక్టరేట్‌లో గానీ ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, అక్కడ కాగితం ఇచ్చి నంబరు తీసుకోవాలి. నంబరు లేని ఫిర్యాదు ఫిర్యాదే కాదు. ఒక్కరు వెళ్లడం కంటే వీధివాళ్లు నలుగురు సంతకాలు పెట్టి ఇస్తే తేడా ఉంటుంది. మీ అర్జీ పరిష్కారమైంది అని మెసేజ్ వచ్చి, డ్రైన్ మాత్రం అలాగే ఉండటం మాకు అలవాటే. అప్పుడు విసుక్కోకుండా అదే రోజు ఫొటోతో మళ్లీ తెరిపించాలి.

రేషన్ గురించి పెద్ద దిగులు లేదు. కార్డు ఏలూరుదైనా రాష్ట్రంలో ఏ షాపులోనైనా తీసుకోవచ్చు. 2025 జూన్ నుంచి మళ్లీ షాపుల్లోనే ఇస్తున్నారు, నెలలో 1 నుంచి 15 దాకా. 65 దాటినవాళ్లకు ఇంటికి తెచ్చివ్వాలన్న నిబంధన ఉంది గానీ, అది వృద్ధులే ఉన్న కార్డులకు వర్తించినంత తేలిగ్గా మీలాంటి కుటుంబానికి వర్తించదు.

ఆస్పత్రికి వస్తే, జ్వరం, బీపీ, షుగర్ లాంటి వాటికి దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రం చాలు, మందులు ఉచితం. పెద్ద ఇబ్బంది అయితే ప్రభుత్వాసుపత్రి. ఆటో ఎక్కేటప్పుడు ఏది అన్నది చెప్పండి. హనుమాన్‌పేటలోది పాతాసుపత్రి, గుణదల వైపు ఉన్నది కొత్తాసుపత్రి. ఊరికే ప్రభుత్వాసుపత్రి అంటే ఆటోవాలా తనకి దగ్గరున్నదానికి తీసుకెళ్తాడు.

పాప కాలేజీకి సిటీ బస్సులు ఉన్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు లాంటి బస్సుల్లో టికెట్ లేదు, గుర్తింపు కార్డు చూపించాలి. ఉదయం ఎనిమిది దాటితే సింగ్ నగర్ ఫ్లైఓవర్ మీద ఇరుక్కోవడం ఖాయం, కాలేజీ ఎంచుకునేటప్పుడు ఫ్లైఓవర్ దాటాలా అక్కర్లేదా అన్నది చూసుకోండి. మీ ఆటోనగర్‌కి ఫ్లైఓవర్ జోలికి పోకుండా ఇన్నర్ రింగ్ రోడ్డు పట్టుకుని రామవరప్పాడు రింగ్ మీదుగా వెళ్లడమే నయం. వేసవిలో మాత్రం నున్న మామిడి మార్కెట్‌కి వచ్చే లారీలతో నున్న రోడ్డు నిండిపోతుంది. రెండు నెలలు ఓర్చుకోవాలి. కాయలు చవగ్గా దొరుకుతాయి, అదొక లాభం.

బండికి ఇన్సూరెన్స్ రెన్యువల్ చేసేటప్పుడు రేటు తక్కువని థర్డ్ పార్టీ ఒక్కటే కట్టొద్దు. వరదలో మునిగితే దానికి రూపాయి రాదు, ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగిన నష్టానికి కవరేజీ, ఉన్న పాలసీకే వస్తుంది. మునిగిన బండిని నీళ్లు తీశాక ఆత్రంగా స్టార్ట్ చేయడం చాలామంది చేసిన పని, ఇంజన్‌లోకి నీళ్లు లాగేసి అసలుకే ఎసరు వస్తుంది. కంపెనీ కూడా ఆ నష్టం మాది కాదంటుంది. ఫొటోలు తీసి, టోయింగ్ పెట్టించి మెకానిక్ దగ్గరికి చేర్చాలి. సర్టిఫికెట్లు, పాప మార్కుల జాబితాలు, బంగారం కాగితాలు ఒక జిప్ కవర్లో పెట్టి పై అటక మీద ఉంచండి. బీరువా కింద అరలో వద్దు. మునిగిన బీరువాలు ఉబ్బి తలుపులు తెరుచుకోక, గడ్డపారతో పగలగొట్టి, లోపల ముద్దయిపోయిన పట్టా కాగితాల్ని ఎండలో ఒక్కో పొర విడదీస్తూ కూర్చున్నవాళ్లని ఇక్కడ ప్రతి వీధిలోనూ చూశాం.

ఇళ్లు చూడటానికి ఎండ రోజు రావద్దు. కుదిరితే గట్టి వాన పడిన మర్నాడు ఉదయం రండి. బ్రోకర్ చూపించినవాటితో సరిపెట్టుకోకుండా ఒక పూట బండి మీద తిరగండి, ఇటువైపు టులెట్ బోర్డులు గేట్లకే వేలాడుతుంటాయి, ఓనరు నంబరు దాని మీదే ఉంటుంది. రెండు మూడు ఇళ్లు నచ్చాక వీధి పేరు, దగ్గర్లోని గుడి లేదా స్కూలు పేరు ఇక్కడ రాయండి. ఆ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో నాకు తెలియకపోయినా తెలిసినవాళ్లని అడిగి చెబుతాను.